కనకాంబరాలు కొనేవాళ్లూ, ఆ లైవ్ అన్నయ్యతో జాగ్రత్త!

మిద్దె తోట వాళ్లందరికీ తెలిసిన మనిషే. ఆదివారం లైవ్ పెట్టి మొక్కలు అమ్ముతాడు. ఆకు ఫోటో పంపితే చాలు, రోగమేంటో చెప్తానంటాడు. ఆ రోగానికి మందు కూడా తనే అమ్ముతాడు. పేరు రాయను, ఎవరో మీకే అర్థమై ఉంటుంది.

ఉగాదికి ముందు ఢిల్లీ కనకాంబరాలు ఓ డజను తెప్పించాను. కొరియర్‌తో కలిపి 1,400. వచ్చినప్పుడు పూలతో కళకళలాడుతూనే ఉన్నాయి. తర్వాత మొదలైంది. ఎదుగుదల లేదు, ఆకులు పాలిపోతున్నాయి, మధ్యాహ్నమయ్యేసరికి తలలు వాల్చేస్తున్నాయి. ఫోటో పెడితే, "ఐరన్ తక్కువైంది అక్కా, మన సీసా వాడండి" అన్నాడు. ఆ సీసా 350. ఎరువుల కొట్లో అన్నభేది (ఐరన్ సల్ఫేట్) కిలో కొన్నా అంత అవదు.

ఇనుము లోపమైతే లేత ఆకులు ముందు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. కనకాంబరాల్లో అది మామూలే కాబట్టి నమ్మాను. నావేమో మొక్క మొత్తం పాలిపోయి, మట్టి తడిగా ఉన్నా వాలిపోతున్నాయి. అప్పుడైనా బుర్ర వెలగాలా? ఇంకో సీసా ఆర్డర్ పెట్టాను. అంత తెలివి మరి!

ఒక మొక్క పూర్తిగా పోయాక పీకి, వేళ్లు కడిగి చూశాను. వేళ్ల నిండా బుడిపెలు. కొన్ని ఆవగింజంత, కొన్ని శనగగింజంత, కొన్నిచోట్ల ఒకదానికొకటి కలిసిపోయి వేరు అల్లం కొమ్ములా తయారైంది. పీచు వేళ్లు దాదాపు లేవు. ఇక నీళ్లు ఎలా పీల్చుకుంటుంది? నులిపురుగులు. వేళ్లలో దూరి బుడిపెలు కట్టించేవి. కనకాంబరానికి వీటిని తట్టుకునే శక్తి చాలా తక్కువ.

ఆ ఫోటో పంపాను. అరగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మీరు అదృష్టవంతులు మేడమ్! అవి మంచి బ్యాక్టీరియా బుడిపెలు, గాల్లో నత్రజని పట్టి మొక్కకి ఇస్తాయి. అనవసరంగా పీకి పాడు చేసుకున్నారు."

మళ్లీ పెట్టుకుని విన్నాను, నేనే తప్పుగా విన్నానేమోనని. లేదు, అదే అన్నాడు, నవ్వుతూ మరీ. డబ్బులు పడేదాకా అక్కని, ఇప్పుడు మేడమ్‌ని.

అయ్యా, ఆ బుడిపెలు వేరుశనగకి, కందికి, పెసరకి వస్తాయి. కనకాంబరం పప్పుజాతిలో ఎప్పుడు చేరింది? పైగా వేరుశనగ బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది, గోటితో తీస్తే ఊడొస్తుంది, చిదిమితే లోపల గులాబీ రంగు. ఇక్కడ ఏకంగా వేరు ఉబ్బిపోయింది. బుడిపెని లాగితే వేరు తెగి చేతికొచ్చింది. ఇదంతా ఓపిగ్గా టైప్ చేసి పంపాను. "అంత తెలిస్తే మమ్మల్నెందుకు అడగడం?" అన్నాడు. మరుక్షణం బ్లాక్.

ఆ ఆదివారం మా చెల్లి ఫోన్లో లైవ్ చూశాను. అవే కనకాంబరాలు. నల్ల కవర్ పట్టుకుని పైకెత్తి, "హెల్తీ రూట్స్ అండీ" అంటున్నాడు. కవర్‌లోంచి వేళ్లు ఆయనకెలా కనిపిస్తున్నాయో మరి. ఆ ఢిల్లీ రకానికి గింజ కట్టదు, కొమ్మ నాటే పెంచాలి. నాటిన మట్టిలో నులిపురుగు ఉంటే ప్రతి కవర్‌లోనూ ఉన్నట్టే. ఇన్నేళ్ల వ్యాపారంలో ఈ మాత్రం తెలియదా?

పోయిన డబ్బు కంటే మట్టి గురించే నా ఏడుపు. ఆ కుండీల మట్టి కొంత తీసి టమాటా, వంగ బ్యాగుల్లో కూడా కలిపాను. నులిపురుగు వాటినీ వదలదు.

సరే, కొనేవాళ్లు మొక్కలు వచ్చిన రోజే ఒకదాని కవర్ కోసి, వేళ్లు బకెట్ నీళ్లలో జాడించి చూసుకోండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. సోకినవాటిని కంపోస్టులో వేయొద్దు. మట్టిని తడిపి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు బిగించి, ఈ ఎండల్లో నాలుగైదు వారాలు వదిలేయండి. తర్వాత నులిపురుగు తగ్గడానికి వేపపిండి కలిపి బంతి మొక్కలు వేయండి, నేనూ అదే చేయబోతున్నాను. రోగమేంటో తెలియకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, సీసాలు అమ్మరు.

పోయిన ఆదివారం లైవ్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లుంటే, పార్శిల్ బయల్దేరకముందే రద్దు చేసుకోండి.