మ్యాట్రిమోనీ యాప్‌లో జీతం ఫిల్టర్: 5కి 3 మార్కులు

మా చెల్లి సంబంధాల కోసం ఒక మ్యాట్రిమోనీ యాప్‌లో ప్రీమియం తీసుకున్నాం. ప్రొఫైల్స్ వెరిఫై చేస్తారు, కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ ఎత్తుతారు, అక్కడ వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకు నచ్చనిది వార్షికాదాయం ఫిల్టర్. అమ్మాయి జీతం ఎంత వేస్తే ఆ రేంజ్ అబ్బాయిలే ముందు కనిపిస్తారు, చిన్న వ్యాపారం చేసుకునే మంచి కుర్రాడు ఎక్కడో కింద పేజీల్లో ఉండిపోతాడు.

ఎవరిష్టం వాళ్లది అనొచ్చు, కానీ లెక్క వేసి చూడండి. 20 లక్షల అబ్బాయి 20 లక్షల అమ్మాయిని, 5 లక్షల అబ్బాయి 5 లక్షల అమ్మాయిని చేసుకుంటే ఒక ఇంటికి 40, ఇంకో ఇంటికి 10. జతలు మారితే రెండిళ్లకీ 25 చొప్పున. ఎవరి జీతమూ మారలేదు, కానీ మొదటి పద్ధతిలో ఇళ్ల మధ్య తేడా నాలుగు రెట్లు!

పన్ను వేసేటప్పుడు కూడా ఇంటి మొత్తం ఆదాయం చూడరు, భార్యాభర్తలకు విడివిడిగానే వేస్తారు. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే జీతగాళ్లకు పన్ను లేదు కాబట్టి, చెరో 12 తెచ్చే ఇంటికి సున్నా, ఒక్కరే 24 తెచ్చే ఇంటికి సెస్సు కాకుండా 3 లక్షలు.

ఆడవాళ్ల సంపాదన వల్లే తేడా పెరుగుతుందని మాత్రం అనను. భర్త ఆదాయం తక్కువున్న ఇళ్లలో భార్య పనికి వెళ్తే ఆ తేడా తగ్గుతుంది కూడా.

యాప్ తీసుకోండి, జీతం గడి మాత్రం ఖాళీగా వదిలి వెతకండి.