98 గుంతల ప్రోట్రే: నల్లగొండ ఎండలు ముదరకముందే ఇంట్లో నారు పోసుకోవడానికి

మిద్దె తోట ఉన్నవాళ్ళు సంక్రాంతికి ముందు ఏదైనా ఒక్క వస్తువు కొనాలంటే, నేను నల్ల ప్రోట్రే, అంటే నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రే, కొనమంటాను. విత్తనాల షాపులో '98 హోల్స్ ట్రే' అని అడిగితే ఇస్తారు. పొడవు మూరకన్నా కొంచెం ఎక్కువ, వెడల్పు జానెడు దాటి ఉంటుంది. అటు 14, ఇటు 7 గుంతలు. ధర ముప్పై రూపాయల లోపే. ఇదే పని చేసే వస్తువులు చాలా వాడి చూశాను కాబట్టి నమ్మకంగా చెప్తున్నాను: ఈ డబ్బుకు ఇంతకన్నా మంచిది దొరకదు. కానీ దీనితోపాటు అంటగట్టే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక విషయంలో జాగ్రత్త పడాలి. అసలు ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ ఇటుకే.

ముందు, నల్లగొండలో ఇంట్లో నారు పోసుకోవాల్సిన అవసరం ఏముంది అనేవాళ్ళ కోసం. చలిదేశాల్లో మంచు కరిగేదాకా నేలలో విత్తనం వెయ్యలేరు, అందుకని ఇంట్లో మొలిపిస్తారు. మన బాధ వేరు. మనల్ని తరిమేది ఎండాకాలం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటకు పూత నిలవదు, రాలిపోతుంది. ఏప్రిల్ వచ్చిందంటే మా రామగిరి మిద్దెల మీద కాలు పెట్టలేం. అంటే మార్చిలోనే పూత పిందెగా మారాలి. దానికి ఫిబ్రవరి మొదట్లో మొక్క కుండీలోకి వెళ్ళాలి. అలా వెళ్ళాలంటే జనవరి మొదటి వారానికల్లా టమాట విత్తనం పడాలి, మిరప, వంకాయ ఇంకా ముందే డిసెంబర్‌లో పడాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే రాత్రిపూట మన దగ్గర చలి 13, 14 డిగ్రీలకు దిగుతుంది. మిరప గింజకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే వారం పది రోజుల్లో తల ఎత్తుతుంది. 15 దగ్గర అయితే కదలనే కదలదు, తడిలో నాని కుళ్ళిపోతుంది. అందుకే ఇంట్లో.

ఇంకో కారణం తెల్లదోమ. టమాట ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. లేత నారుకు వైరస్ అంటితే ఆ మొక్క ఇక ఎదగదు, కాయదు. మిరపలో బొబ్బర తెగులు అంటారే, అదీ ఈ వయసులో పట్టుకుంటే అంతే. మొదటి మూడు వారాలు గదిలో పెరిగిన నారుకు ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఇక ట్రే సంగతి. ప్రకాశం బజారులో నేను ఎప్పుడూ వెళ్ళే షాపులో రెండు రకాలు పెడతారు. ఒకటి పలుచనిది, రెండోది మందంది. తేడా పది రూపాయలు కూడా ఉండదు. "అక్కా, మందంది తీస్కోండి, రైతులు గదే పట్టుకపోతరు" అని షాపు తమ్ముడే చెప్పాడు. అతను చెప్పింది నిజం. పలుచని ట్రేను మట్టి నింపి, తడిపి, ఒక మూల పట్టుకుని ఎత్తితే నడుమ వంగిపోతుంది. అలా వంగినప్పుడు గుంతల్లో మట్టి పగులుతుంది, అప్పుడే పుట్టిన వేరు తెగుతుంది. మందం ట్రేను జాగ్రత్తగా వాడితే నాలుగైదు పంటల నారుకు పనికొస్తుంది. కొనేముందు ఖాళీ ట్రేను ఒక చేత్తో అడ్డంగా పట్టుకుని చూడండి. కిందికి వాలకూడదు.

దీని గొప్పతనం గుంత ఆకారంలో ఉంది. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం, అడుగున చిల్లు. వేరు గోడ వెంట తిన్నగా దిగి, చిల్లు దగ్గర గాలి తగిలి అక్కడే ఆగుతుంది. అప్పుడు పక్క వేర్లు పుట్టి గుంతంతా అల్లుకుంటాయి. నాటేటప్పుడు కింద నుంచి వేలితో చిన్నగా నెడితే మొక్క మట్టిముద్దతో సహా ఊడి వస్తుంది. నారుమడిలోంచి పీకిన నారులా వేలాడిపోదు, నాటిన మర్నాడే నిలబడుతుంది. గుంతకు ఒక్క గింజే కాబట్టి ఖరీదైన విత్తనం వృథా కాదు. నేను టమాటలో అర్క రక్షక్ వేస్తాను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళది, ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునే రకం. వంకాయకు భాగ్యమతి. ఆ గింజల్ని గుప్పెట్లో తీసుకుని మడిలో చల్లడానికి నాకు మనసొప్పదు.

పేపర్ కప్పులు, కోడిగుడ్ల అట్టలు చాలామంది వాడుతున్నారు. కప్పు పర్వాలేదు, కానీ కిటికీ అంతా ఆక్రమిస్తుంది. గుడ్ల అట్ట మాత్రం వద్దు. నీళ్ళు పీల్చేసుకుని మట్టిని ఎండబెడుతుంది, లేదంటే బూజు పట్టి మెత్తబడుతుంది. ఆన్‌లైన్‌లో పారదర్శకమైన మూతతో పన్నెండు గుంతల కిట్లు అమ్ముతారు. ఆ ధరకు ఈ నల్ల ట్రేలు పది వస్తాయి. మూత కింద వేడి కోసమే అయితే పాలిథిన్ కవరు చాలు. మన ఎండ ఒక్క గంట సూటిగా పడితే ఆ మూత కింద మొలక ఉడికిపోతుంది కూడా.

ఇప్పుడు కోకోపీట్. కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు ఇది. తేలికగా ఉంటుంది, తడి పట్టుకుంటుంది, మన ఎర్రమట్టిలా గట్టిపడదు. నారుకు దీనికి మించింది లేదు. కానీ కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పునీటిలో నానబెడతారు. కడగకుండా ఎండబెట్టి ఇటుకలుగా ఒత్తితే ఆ ఉప్పంతా అందులోనే ఉంటుంది. ప్యాకెట్ మీద 'కడిగినది' అని రాసి ఉన్నా నమ్మకండి, పరీక్షించండి. మన నల్లగొండలో చాలామందికి దీనికి కొత్త పరికరం అక్కర్లేకపోవచ్చు. ఫ్లోరైడ్ భయంతో చాలా ఇళ్ళల్లో వాటర్ ఫిల్టర్ ఉంది, కొందరి దగ్గర దానితోపాటు టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే మీటరు, కూడా ఉంటుంది. ఇటుకను బకెట్‌లో నానబెట్టి, గుప్పెడు తీసుకుని గ్లాసులోకి పిండి, ఆ నీళ్ళలో మీటరు ముంచండి. నానబెట్టిన నీళ్ళ అంకె మీద ఇంకో రెండు మూడు వందలకు మించి పెరగకూడదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ఇటుక నీళ్ళు రెండు వేలు దాటి చూపించాయి. ఆ పొట్టులో మొలిచిన వంకాయ నారు ఆకుల అంచులు మాడి, ఎదుగుదల ఆగిపోతుంది. కారణం తెలియక చాలామంది విత్తనాన్ని తిడతారు.

కడగడం కష్టమేమీ కాదు. పాత బియ్యం సంచిలో వేసి, నీళ్ళు పోసి, పిండి, మళ్ళీ పోసి, మీటరు అంకె దిగేదాకా అలా చెయ్యడమే. అయితే బోరు నీళ్ళతో కడిగితే లాభం లేదు. మా బోరు నీళ్ళే వెయ్యి దాటుతాయి. కృష్ణా నల్లా నీళ్ళు వచ్చే పూట ఈ పని పెట్టుకోండి. తర్వాత నారుకు పోసే నీళ్ళు కూడా అవే అయితే మంచిది. బోరు నీళ్ళు పోస్తే ట్రే గోడల మీద తెల్లటి పొర కడుతుంది, అది చూస్తేనే అర్థమవుతుంది వేరు ఏం తాగుతోందో.

కడిగిన పొట్టు రెండు పాళ్ళకు జల్లెడ పట్టిన వర్మీ కంపోస్ట్ ఒక పాలు, కొద్దిగా ట్రైకోడెర్మా పొడి (కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం). ట్రైకోడెర్మా మానొద్దు. మొలక మెడ దగ్గర మెత్తబడి పడిపోయే నారుకుళ్ళు ఒక మూలన మొదలైతే రెండు రోజుల్లో సగం ట్రే ఖాళీ అవుతుంది. గింజ అర సెంటీమీటరు లోతు చాలు.

గింజలు పెట్టి తడిపాక ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మొత్తాన్ని పాలిథిన్ షీటుతో చుట్టి వంటింట్లో ఒక మూల పెడతాను. నర్సరీల వాళ్ళు చేసేదే ఇది. మా అత్తమ్మ చూసి "వడ్లు మండె కట్టినట్టే ఉంది గదా" అన్నది. నిజంగా అదే సూత్రం, తడి బయటికి పోకుండా లోపలి వెచ్చదనంతో మొలిపించడం. ఈ దశలో వెలుతురు అవసరం లేదు. కానీ రోజూ విప్పి చూడాలి. ఒక్క గింజ తెల్లగా తల ఎత్తినా సరే, ఆ పూటే షీటు తీసి ట్రేలు విడదీయాలి. ఒక రాత్రి ఆలస్యమైతే మొలకలు దారాల్లా సాగిపోతాయి.

ఆ తర్వాత కిటికీ వెలుతురు సరిపోదు. తూర్పు కిటికీ దగ్గర పెట్టినా నారు అద్దం వైపు వంగి సన్నగా సాగుతుంది. 20 వాట్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు లైటు చాలు, ఊదారంగు లైట్లు అక్కర్లేదు. ఆకులకు జానెడులోపు ఎత్తులో వేలాడదీసి పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా వెయ్యండి. నాలుగాకులు వచ్చాక లీటరు నీళ్ళకు ఒక గ్రాము 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) కలిపి వారానికోసారి పోస్తే చాలు, కోకోపీట్‌లో సొంత బలం ఏమీ ఉండదు.

ఈ ట్రేలో లోపాలు లేకపోలేదు. అడుగున పళ్ళెం రాదు. ఇంట్లో పెట్టుకునేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది, నీళ్ళు కారి గచ్చంతా మరకలు. పాత స్టీలు బేసిన్ కానీ ఫ్లెక్సీ ముక్క కానీ వెతుక్కోవాలి. రెండోది, గుంత చిన్నది. టమాటకు మూడు వారాలు, వంకాయకు నాలుగైదు వారాలు హాయిగా సరిపోతుంది. మిరప నలభై రోజులు దాటితే వేరు చుట్టలు తిరగడం మొదలవుతుంది. క్యాప్సికమ్‌కైతే 50 గుంతలది అడగండి. బీర, సొర, కాకర దీనిలో పెట్టొద్దు. వాటి వేరు కదిలితే అలుగుతుంది, నేరుగా కుండీలోనే వెయ్యండి. బెండ, తోటకూర, పాలకూర సంగతీ అంతే.

ట్రే నిండా మొలవలేదని షాపుతో గొడవ పడేవాళ్ళను చూశాను. ముందు విత్తనం ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మన దేశ ప్రమాణం ప్రకారం మిరపకు కనీస మొలక 60 శాతం, టమాట, వంకాయలకు 70 శాతం. అంటే 98 గుంతల్లో మిరప అరవై మొలిచినా ఆ విత్తనం చట్టప్రకారం సరైనదే. పరీక్షించిన తేదీ, గడువు తేదీ రెండూ చదవండి. గడువు దగ్గరపడ్డ ప్యాకెట్లను సంక్రాంతి ముందు ఆఫర్ పేరుతో ముందువరసలో పెడతారు.

మిద్దె మీదికి తీసుకెళ్ళేముందు వారం రోజులు అలవాటు చెయ్యాలి. మొదట పొద్దున గంటసేపు, రోజూ కొంచెం పెంచుతూ. ఫిబ్రవరి ఎండే అని తేలిగ్గా తీసుకోవద్దు, గదిలో పెరిగిన ఆకు మొదటి రోజే తెల్లబారుతుంది. మొక్కలు నాటేశాక ఖాళీ ట్రేను మిద్దె మీదే వదిలేస్తే మే ఎండకు పెళుసుబారి మూలల్లో విరుగుతుంది. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టుకోండి. వర్షాకాలం బంతి నారుకు అదే ట్రే.

ట్రేకు నేను అయిదుకు నాలుగున్నర ఇస్తాను, పళ్ళెం లేనందుకు అర తగ్గించాను. ఇటుకలకు మార్కులు వెయ్యను, ఎందుకంటే ఒకే కంపెనీవి కూడా ఒకటి మంచిగా, ఒకటి ఉప్పుగా వస్తున్నాయి. మన నల్లగొండ విత్తనాల షాపులవాళ్ళకు ఒక విన్నపం: ఇటుకలు కాకుండా, నల్లా నీళ్ళతో కడిగి ఆరబెట్టిన కోకోపీట్‌ను కిలోల్లెక్కన విడిగా అమ్మండి. మీటరు పెట్టి చూపిస్తే ఇటుక కన్నా రెట్టింపు ధరైనా నేను కొంటాను.