ఇంటి కంప్యూటర్‌కి ఏ ఉచిత యాంటీవైరస్ మేలు?

విశాఖ ద్వారకానగర్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొన్నా, పాతదాన్ని రిపేరుకిచ్చినా ఒక ప్రశ్న తప్పదు: "యాంటీవైరస్ వేయమంటారా సార్?" పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కంప్యూటర్‌ని కాపాడుకోవాలంటే మన ముందున్నవి ముఖ్యంగా నాలుగు: విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్, అవాస్ట్ లేదా ఏవీజీ, బిట్‌డిఫెండర్ ఫ్రీ, మాల్‌వేర్‌బైట్స్. నా ఓటు డిఫెండర్‌కే. అయితే అది అన్ని ఇళ్లకీ సరిపోదు.

విండోస్ 8 నుంచి డిఫెండర్ సిస్టంలోనే ఉంటోంది. మొదట్లో ల్యాబ్ పరీక్షల్లో వెనకబడేది కాబట్టి, "అది పనికిరాదు" అనే మాట ఇప్పటికీ షాపుల్లో వినిపిస్తుంది. కానీ జర్మనీలోని ఏవీ-టెస్ట్ లాంటి ల్యాబుల ఫలితాలు చూస్తే, కొన్నేళ్లుగా అది డబ్బులిచ్చి కొనేవాటి సరసనే నిలబడుతోంది. నాకు ఇంకా నచ్చేది ఏంటంటే, పెయిడ్ వెర్షన్ కొనమని అది రోజూ వెంటపడదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కి ఇది చాలా ముఖ్యం. "మీ సిస్టం ప్రమాదంలో ఉంది, వెంటనే అప్‌గ్రేడ్ చేయండి" లాంటి హెచ్చరికలు రోజూ చూసి అలవాటుపడినవాళ్లు, మోసగాళ్లు బ్రౌజర్‌లో చూపించే దొంగ హెచ్చరికని కూడా నిజమనుకుంటారు. టెన్షన్‌లో అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసేస్తారు.

డిఫెండర్‌కి లోపాలూ ఉన్నాయి. అనుమానం వచ్చిన ఫైల్ గురించి అది మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తేల్చుకుంటుంది. నెట్ లేకపోతే దాని పట్టు తగ్గుతుంది. తుఫాను వస్తే నెట్ రోజుల తరబడి పోవడం విశాఖ వాళ్లకి తెలియనిది కాదు, 2014లో హుద్‌హుద్ అప్పుడు చూశాం. నెట్ లేనప్పుడు వైరస్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే, పెన్‌డ్రైవ్ నుంచి. పిల్లల ప్రాజెక్టు రిపోర్టో, హాల్ టికెట్టో ప్రింట్ తీయించడానికి జెరాక్స్ షాపుకి తీసుకెళ్తాం. ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తాయి. అసలు ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని కనపడకుండా దాచింది, అంతే. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే మాత్రం వైరస్ మన కంప్యూటర్‌లోకి దిగుతుంది. అందుకే పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరవకుండా, రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించాలి. ఇక పాత హార్డ్ డిస్క్, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో స్కాన్ నడుస్తున్నంతసేపు మిగతా పనులు నత్తనడక నడుస్తాయి.

అవాస్ట్, ఏవీజీలలో ఏది మేలని చాలామంది అడుగుతారు. 2016లో ఏవీజీని అవాస్ట్ కొనేసింది, లోపల పనిచేసే ఇంజిన్ ఒకటే. కాబట్టి ఆ పోలికకి అర్థం లేదు. వైరస్‌లని పట్టుకోవడంలో వాటికి వంక పెట్టలేం. నా అభ్యంతరం వేరే. అవాస్ట్ సేకరించిన బ్రౌజింగ్ వివరాలని దాని అనుబంధ సంస్థ జంప్‌షాట్ ఇతర కంపెనీలకి అమ్మింది. సంగతి బయటపడ్డాక 2020లో జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయంలో అవాస్ట్‌ చేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇప్పుడు యాజమాన్యం మారింది, పద్ధతులూ మారి ఉండొచ్చు. అయినా కాపలాకి పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు అమ్ముకున్నాడని తెలిశాక, అంత మంచి ప్రత్యామ్నాయం సిస్టంలోనే ఉండగా మళ్లీ వాడిని పిలవాల్సిన అవసరం నాకు కనిపించదు.

బిట్‌డిఫెండర్ ఫ్రీ రుమేనియా కంపెనీది. ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి, సెట్టింగులు తక్కువ, పెద్దగా విసిగించదు. తరచూ నెట్ లేకుండా పనిచేసే, పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా తిరిగే కంప్యూటర్ అయితే డిఫెండర్ బదులు దీన్ని పెట్టుకోమంటాను. బదులు అన్నానని గుర్తుంచుకోండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి కాపలా కాస్తే ఒకదానికొకటి అడ్డుపడతాయి. కొత్తది వేయగానే డిఫెండర్ తనంతట తాను తప్పుకుంటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ గడువు తీరిపోతే దాన్ని పూర్తిగా అన్ఇన్‌స్టాల్ చేసి, డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసుకోండి.

మాల్‌వేర్‌బైట్స్‌ని వీటితో పోల్చకూడదు. మొదటి రెండు వారాల ట్రయల్ అయ్యాక ఉచిత వెర్షన్ నిరంతరం కాపలా కాయదు, మనం అడిగినప్పుడే స్కాన్ చేస్తుంది. అందుకే డిఫెండర్‌కి తోడుగా బాగుంటుంది. బ్రౌజర్ తెరవగానే వింత పేజీలు వస్తున్నా, ప్రకటనలు ఊడిపడుతున్నా దీంతో ఒకసారి వెతికించండి. ఇలా రెండో అభిప్రాయం కోసమే మన ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా బాట్‌లని, అంటే మనకి తెలియకుండా మన కంప్యూటర్‌ని బయటివాళ్ల చేతికిచ్చే వైరస్‌లని, తొలగించే ఉచిత టూల్స్ ఉన్నాయి.

డిఫెండర్‌నే ఉంచుకుంటే ఒక పని తప్పక చేయండి. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లలోని ఫైళ్లని తెలియని ప్రోగ్రాములు మార్చలేవు. ఒక్కోసారి మంచి ప్రోగ్రాముని కూడా ఆపేస్తుంది, అప్పుడు దానికి అనుమతి ఇస్తే చాలు. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు ఉన్న కంప్యూటర్ అయితే ఆ కాస్త విసుగు భరించవచ్చు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ కూడా పెట్టుకుని, పని అవగానే కేబుల్ తీసేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తాళం వేసేస్తుంది.

అప్‌డేట్లు ఆపేస్తే మాత్రం ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా కాపాడలేదు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు విశాఖతో సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం ఇంకా అందుతున్నా, విండోస్‌లో పడే కంతలు అలా పూడవు. మీ కంప్యూటర్ విండోస్ 11 తీసుకుంటే దానికి మారండి. తీసుకోకపోతే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోండి, లేదా విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయించి చూడండి. ఉత్తరాలు, యూట్యూబ్, కరెంటు బిల్లు కట్టడం వరకు అది సరిపోతుంది.