ఒక్క లైనా, పేరానా: ఏజెంట్ టూల్‌కి ఏ వివరణ మేలు?

"అన్నా, టూల్ డిస్క్రిప్షన్ ఒక్క లైన్ రాస్తే చాలదా?" మాదాపూర్‌లో మా ఆఫీసు పక్కనున్న టీ కొట్టు దగ్గర ఈ మధ్య ముగ్గురు ఇదే ప్రశ్న అడిగారు. ముగ్గురి పనీ దాదాపు ఒకటే: పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు, స్కాన్ కాపీలను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చే ఏజెంట్లు తయారు చేయడం. ఏజెంట్ అంటే పనికి తగిన టూళ్లను (చిన్న ప్రోగ్రాములను) తనే పిలుచుకునే ఏఐ మోడల్. ఏ టూల్ దేనికో అది వివరణ చదివే తెలుసుకుంటుంది. పోయిన నెల నేను రెండు పద్ధతులూ వాడి చూశాను, ఒకదాని మీద నిలబడ్డాను. వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క లైన్ సంగతి. "పీడీఎఫ్ నుంచి టెక్స్ట్ తీస్తుంది." చదవడానికి హాయిగా ఉంటుంది. వివరణలన్నీ ప్రతిసారీ మోడల్ ముందుకు వెళ్తాయి కాబట్టి చిన్నగా ఉంటే టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు, బిల్లు వీటి లెక్కనే) మిగులుతాయి. ఇరవై టూళ్లు ఉన్నచోట ఆ తేడా బిల్లులో తెలుస్తుంది. ఏజెంట్ చేతిలో ఒకటే టూల్ ఉండి, వచ్చే ఫైళ్లన్నీ ఒకే రకమైతే నేనూ ఇలాగే రాస్తాను. ఫొటోలను పీడీఎఫ్ చేసే టూల్‌కి పేరా ఎందుకు?

కానీ మన దగ్గరికి వచ్చే ఫైళ్లు ఒకే రకంగా ఉండవు. చిక్కడపల్లి వైపు ఒక ప్రెస్ నుంచి పాత పుస్తకాల పీడీఎఫ్‌లు వచ్చాయి. వాటిని యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) వర్డ్ ఫైళ్లుగా మార్చాలి. అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో కంపోజ్ చేసినవే. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంట్. ఏజెంట్ ఆ ఒక్క లైన్ వివరణ ఉన్న నా టెక్స్ట్ టూల్‌ని పిలిచింది. ఎర్రర్ రాలేదు, ఫైల్ ఖాళీగానూ లేదు. ఏజెంట్ దాన్నే వర్డ్‌లోకి మార్చి "కన్వర్షన్ పూర్తయింది" అంది. నేను తెరిచి చూడకుండా పంపేశాను. "ఒక్క పేజీ కూడా తెలుగులో లేదు బాబూ" అని ప్రెస్ ఆయన ఫోన్ చేశాడు. ఆ రాత్రంతా టెన్షనే.

అప్పుడు టూల్‌లో ఒక చిన్న మార్పు చేశాను. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన అక్షరాలు ఫలితంలో ఎంత శాతం ఉన్నాయో లెక్కపెట్టి చెప్పేలా చేసి, వివరణను ఇలా మార్చాను:

"పీడీఎఫ్‌లో ఇప్పటికే ఉన్న టెక్స్ట్‌ని మాత్రమే తీస్తుంది, బొమ్మను చదవదు. స్కాన్ చేసిన పేజీకి ఖాళీ ఫలితం ఇస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. ఫలితంతో పాటు తెలుగు అక్షరాల శాతం ఇస్తుంది. తెలుగు డాక్యుమెంట్‌కి ఈ శాతం సున్నాకి దగ్గరగా ఉంటే అది పాత ఫాంట్ ఫైల్. ఆ టెక్స్ట్ వాడవద్దు. ఫాంట్ మార్పిడి టూల్‌ని పిలువు, అదీ కుదరకపోతే ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే టూల్)."

నాకు తేల్చేసే విషయం ఇదే. టూల్ ఏం చేస్తుందో పేరు చూసి మోడల్ ఊహించుకోగలదు. ఏం చేయదో, చేయలేకపోయినప్పుడు ఫలితం ఎలా కనిపిస్తుందో మనం చెప్పాల్సిందే. ఫార్మాట్లు మార్చే పాన్‌డాక్ ప్రోగ్రామ్ పీడీఎఫ్ తయారు చేయగలదు గానీ పీడీఎఫ్‌ని చదవలేదు. "డాక్యుమెంట్లను మారుస్తుంది" అని ఊరుకుంటే ఏజెంట్ పీడీఎఫ్ ఇచ్చి వర్డ్ అడుగుతుంది, ఫెయిలైతే మళ్లీ అదే అడుగుతుంది. ఓసీఆర్ చేసే టెసరాక్ట్‌కి తెలుగు భాష కోడ్ మూడక్షరాల 'టి-ఇ-ఎల్'. ఏజెంట్ రెండక్షరాల 'టి-ఇ' ఇచ్చి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్ చేసే లిబ్రెఆఫీస్ నడిచే సర్వర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే పీడీఎఫ్ వస్తుంది, అక్షరాల చోట డబ్బాలుంటాయి. ఇవన్నీ ఒక్కొక్క వాక్యంతో ఆగే తప్పులు.

పేరాకి ఇబ్బందులు లేవని కాదు. కోడ్ మారినప్పుడు వివరణ మార్చడం మర్చిపోతే అది అబద్ధమవుతుంది, ఏజెంట్ దాన్ని పూర్తిగా నమ్ముతుంది. మరీ సాగదీస్తే ముఖ్యమైన మాట మరుగున పడుతుంది. అందుకే "ఇది చేయదు" అనేది మొదటి రెండు వాక్యాల్లోనే పెడతాను. భాష కోడ్ లాంటివి ఆ పారామీటర్ (టూల్‌ని పిలిచేటప్పుడు ఇచ్చే విలువ) వివరణలోకే పంపిస్తాను.

ఇవన్నీ సిస్టమ్ ప్రాంప్ట్‌లో, అంటే ఏజెంట్‌కి మొదటే ఇచ్చే సూచనల్లో, రాసేయొచ్చు కదా అంటారు కొందరు. ఒక్క ఏజెంట్‌కైతే సరే. 2024 నవంబర్‌లో ఎంసీపీ (టూళ్లను ఏజెంట్లకు కలిపే ఉమ్మడి పద్ధతి) వచ్చాక ఒకరి టూల్‌ని ఇంకొకరి ఏజెంట్ వాడుతోంది. మన ప్రాంప్ట్ దాని వెంట వెళ్లదు. ఇక భాష సంగతి: పైన అర్థం కావడానికి తెలుగులో ఇచ్చాను గానీ, అసలు వివరణలు ఇంగ్లీషులోనే రాస్తున్నాను. తెలుగుకి టోకెన్లు ఎక్కువ పడతాయి.

రాశాక కోడ్ చూడని వాళ్లకి వివరణలు మాత్రమే ఇచ్చి, నాలుగైదు రకాల ఫైళ్లు ముందు పెట్టి, దేనికి ఏ టూల్ పిలుస్తారో అడగండి. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి స్కాన్ ఫైళ్లు చకచకా చెప్పేసి, అను ఫైల్ దగ్గర ఆగింది. "సున్నాకి దగ్గరగా అంటే ఎంత సార్?" అని అడిగింది. అక్కడ ఇప్పుడు "20 శాతం లోపు" అని ఉంది.