కాకినాడ జేఎన్‌టీయూనా, భీమవరం ప్రైవేటు కాలేజీనా?

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు రాగానే గోదావరి డెల్టా ఇళ్లలో మొదలయ్యే లెక్క ఇది. ప్రభుత్వం వైపు కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, 1946లో పుట్టింది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ నిట్ ఉంది, కానీ అక్కడికి జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ ర్యాంకే దారి. ప్రైవేటు వైపు 1980 నాటి భీమవరం ఎస్ఆర్‌కేఆర్ మొదలుకొని చాలా ఉన్నాయి.

ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువ, పేరు పాతది. ఖాళీ అధ్యాపక పోస్టులే దాని జబ్బు.

ప్రైవేటు కాలేజీలో అసలు తేడా కోటాది. 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, అంటే ఈఏపీసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి; 30 శాతం మేనేజ్‌మెంట్‌వి, అంటే కాలేజీ నింపుకునేవి. ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ అర్హులకు, అదీ కన్వీనర్ సీటుకే. అదే క్లాసు, అదే బెంచీ, పక్కవాడి ఫీజు మాత్రం వేరు! ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే ముందు మీరే కట్టండంటారు. హాస్టలు, బస్సు ఖర్చు ఎటూ విడిగానే.

పట్టా సంగతీ చూడాలి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అటానమస్ అయినా, అంటే సిలబస్, పరీక్షలు తనే చూసుకున్నా, పట్టా జేఎన్‌టీయూదే. ప్రైవేటు యూనివర్సిటీ తన పట్టా తానే ఇస్తుంది.

చదువు నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి. కాబట్టి మీ బ్రాంచికి ఉందా అని అడగండి. ప్లేస్‌మెంట్ బోర్డు మీద ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కేసి ఉండొచ్చు. ఎంతమంది ఉద్యోగంలో చేరారో అడిగితేనే తేలుతుంది.

కౌన్సెలింగ్‌లో మీరు ఆన్‌లైన్‌లో వరసగా పెట్టే కాలేజీల జాబితా, అదే వెబ్ ఆప్షన్లను, పైనుంచి కిందికి చూస్తారు. కాకినాడ కావాలనుకుని భీమవరాన్ని పైన పెడితే, ర్యాంకు సరిపోయిన చోట భీమవరమే వస్తుంది.