బాహా 1000, డకార్: రాబీ గోర్డన్ బండి నడిపిన రెండు దారులు
అమెరికా కారు రేసర్ రాబీ గోర్డన్ తండ్రి బాబ్ గోర్డన్ కూడా ఎడారి రేసరే. అందుకే మెక్సికోలోని బాహా ఎడారిలో జరిగే బాహా 1000 రేసు రాబీకి పుట్టిల్లు లాంటిది. 2006తో కలిపి ఆ రేసును మూడుసార్లు గెలిచాడు. అక్కడ దారిని ముందే తిరిగి, ఏ మలుపులో బండరాయి ఉందో జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవచ్చు. వెనక చక్రం సుమారు 30 అంగుళాలు పైకీ కిందికీ ఆడే ట్రోఫీ ట్రక్కు (ఎడారి రేసుల కోసం కట్టిన బండి) గుంతల్ని మింగేస్తుంది. పిండిలాంటి దుమ్ములో ముందు బండిని అంటుకుని పోతే మాత్రం ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయి ఇంజను పికప్ పడిపోతుంది.

డకార్ అనే సుదీర్ఘ ఎడారి ర్యాలీలో దారిని ముందుగా చూడటం నిషేధం. రెండు వారాలపాటు పక్క సీట్లో కూర్చునే కోడ్రైవర్ చదివే రోడ్‌బుక్కే, అంటే దారి సూచనల పుస్తకమే ఆధారం. మెత్తటి ఇసుకదిబ్బ ఎక్కాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. రాళ్ల నేల రాగానే మళ్లీ నింపకపోతే టైరు పక్కభాగం చీలుతుంది.

ఇంట్లో నేర్చిన దారులేవీ అక్కరకు రాని దక్షిణ అమెరికాలో జరిగిన 2009 డకార్‌లో హమ్మర్ బండితో సాధించిన మూడో స్థానమే నా దృష్టిలో అతని పెద్ద ఘనత.