1300 కిలోమీటర్లు, ఇద్దరు పిల్లలు, మూడు బసలు

బయలుదేరే ముందు రాత్రి ఫోనులోని పటం మొదటి రోజుకు 430 కిలోమీటర్లు, ఏడు గంటలు అని లెక్క తేల్చింది. ఆ లెక్కలో అయిదేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబు లేరు. ఉదయం అయిదున్నరకు ఇల్లు వదిలినవాళ్లం బస చేరేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. దారిలో రద్దీ లేదు, బండి మొరాయించలేదు. ఆ అదనపు నాలుగు గంటలూ మూత్రానికి, వాంతికి, కిటికీలోంచి జారిపోయిన చెప్పుకు, ఆ చెప్పు కోసం వెనక్కి తిరగడానికి పోయాయి. అప్పటి నుంచి పటం ఎంత సమయం చెప్పినా అందులో సగం కలుపుకుంటున్నాను.

రాత్రి ప్రయాణమైతే పిల్లలు హాయిగా నిద్రపోతారని మా ఆయన మొదట అన్నారు. వాళ్లు నిద్రపోయే వేళే నడిపేవాళ్లకూ కళ్లు మూతలు పడతాయి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనం అయ్యాక, మనిషి ఒళ్లు తనంతట తానే మగతలోకి జారే సమయాలు. అందుకని తెల్లవారుజామున లేచి, రెండు గంటలకోసారి ఆగుతూ, చీకటి పడకముందే చేరాలని ఒప్పందం చేసుకున్నాం. ఆరు రాత్రుల ప్రయాణంలో మేం వాదించుకోకుండా తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే.

వాంతి నా తప్పే. మలుపుల దారి మొదలవుతుందని తెలిసీ పాప చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చాను. బండి ఊగుతోందని లోపలి చెవి చెబుతుంటే, పుస్తకం మీద నిలిచిన కళ్లు కదలికేమీ లేదంటాయి. మెదడుకు ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరక కడుపు తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. పుస్తకం లాక్కుని, దూరంగా కనిపించే కొండల్లో ఏది పెద్దదో చెప్పమని అడుగుతూ, కిటికీ కాస్త దించాక తేరుకుంది. మందు వేయాలనుకుంటే బయలుదేరడానికి ముందే పిల్లల వైద్యుణ్ని అడగడం మంచిది. మేం అడగలేదు. మా దగ్గర ఉన్నవల్లా మూడు ప్లాస్టిక్ సంచులు, రెండు జతల బట్టలు. సంచులు అయిదు ఉండాల్సింది.

బాబు గొడవ వేరు. కారులో వాడికి బిగించిన పిల్లల సీటు ఇంకా వెనక్కి తిరిగే ఉంటుంది. చిన్నపిల్లల తల బరువు, మెడ బలహీనం. ముందు నుంచి గుద్దుకున్నప్పుడు అలాంటి సీటులో ఆ దెబ్బ మెడ మీద పడకుండా వీపంతా పరుచుకుంటుంది. ఇవన్నీ రెండున్నరేళ్ల వాడికి చెప్పలేం కదా. 1964లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు ఈ రకం సీటు తొలి నమూనా చేసినప్పుడు ఆయన మనసులో ఉన్నవి వ్యోమగాముల సీట్లు. నాకు గుర్తొచ్చింది ఆ సంగతే. ‘రాకెట్లో ఇలాగే కూర్చుంటారు’ అన్నాను. పది నుంచి వెనక్కి అంకెలు లెక్కపెట్టి బెల్టు పెట్టే పని అక్కకు అప్పగించాం. ఆగిన ప్రతిచోటా మళ్లీ ప్రయోగం జరగాల్సి వచ్చింది, కానీ ఏడుపు లేదు.

దారిలో ఆగే చోట్లను మొదట్లో భోజనం రుచిని బట్టి ఎంచుకున్నాం. రెండో రోజుకు ఆ పద్ధతి వదిలేశాం. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, నీడ ఉందా, పిల్లలకూ లారీలకూ మధ్య గోడో కంచో ఉందా అన్నదే చూశాం. ఈ మూడూ ఉన్న చోట ఆకలి దానంతటదే రుచి తెచ్చుకుంటుంది. పెట్రోలు బంకుల్లో చాలావాటికి మొదటిదే ఉండదు. అన్నింటికన్నా బాగున్నది, పెద్ద రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే దొరికిన ఒక చిన్న పార్కు. అక్కడ నలభై నిమిషాలు పరుగులు పెట్టారు, తర్వాత గంటన్నర నిద్రపోయారు. తిరిగొచ్చేసరికి ఎండలో నిలిపిన కారు నిప్పుల కుంపటిలా ఉంది, బెల్టు బకిల్ ముట్టుకోలేకపోయాం. మూసిన కారులో ఎండ పూట పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది. పిల్లల ఒళ్లు పెద్దల కన్నా మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. అందుకే ‘నిద్రపోతున్నాడుగా, బిల్లు కట్టి వచ్చేస్తా’ అనే మాట మా కారులో చెల్లదు.

ఇక బసలు. మొదటిది రహదారి పక్కన పెద్ద హోటల్. ఫొటోల్లో ఈతకొలను చూసి మురిసిపోయి తీసుకున్నది. బాబుకు ఊచల మంచం ఉందని ఫోనులో చెప్పారు. తీరా వెళ్లాక అది వేరే గదికి ఇచ్చేశామన్నారు. గది మూడో అంతస్తులో. మంచం ఎత్తు, బల్ల గాజుది. బాల్కనీ కమ్మీల మధ్య నా అరచెయ్యి అడ్డంగా పెట్టినా ఇంకా సందు మిగిలింది. ఆ సందు 10 సెంటీమీటర్లు దాటితే పసివాళ్లకు ప్రమాదం. తలుపు గడియ వేసి, దానికి పెట్టె అడ్డం పెట్టి, పరుపు నేల మీదికి దించి పడుకున్నాం. ఈతకొలను మరమ్మతులో ఉంది. అయినా, రాత్రి పదకొండుకు అడగకుండానే ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చిచ్చిన ఉద్యోగిని మాత్రం మరిచిపోలేను.

రెండోది చెరువు దగ్గర ఒక కుటుంబం ఉంటున్న ఇంట్లో అద్దె గది, మూడు రాత్రులు. స్నానాలగదిలో గచ్చు జారుతుంది, వేడినీళ్ల కోసం అరగంట ఆగాలి, దోమలు. కానీ గుమ్మం దాటితే పెరడు, పెరట్లో ఓ ముసలి కుక్క. వంటగది వాడుకోనిచ్చారు. 650 కిలోమీటర్లు వచ్చింది ఆ చెరువు చూడటానికైతే, పిల్లలు దాన్ని పది నిమిషాలు చూశారు. చీమల బారు వెంట రెండు గంటలు నడిచారు. మేం రాసుకున్న చూడాల్సిన చోట్ల జాబితాలో సగం అలాగే ఉండిపోయింది. నాకు బాధ కలగలేదు, మా ఆయనకు కాస్త కలిగింది.

తిరుగు దారిని సగానికి విరిచి, మధ్య ఊళ్లో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకుని రెండు రాత్రులు ఉన్నాం. ఏ కళా లేని గోడలు, కిటికీ తీస్తే ఎదురింటి గోడ. అయినా నేను మళ్లీ డబ్బు పెట్టేది దీనికే. బట్టలు ఉతికే యంత్రం ఉంది, పడకగదికి విడిగా తలుపుంది. ఎనిమిదింటికి పిల్లలను పడుకోబెట్టి, ఆ తలుపు దగ్గరగా వేసి, దీపం వెలిగించుకుని మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. అంతకుముందు నాలుగు రాత్రులూ చీకట్లో గుసగుసలే.

వచ్చే ప్రయాణానికి నిన్న ఒక చోటికి ఫోన్ చేశాను. గదిలోంచి కొండలు కనిపిస్తాయని ఫోన్ ఎత్తినాయన మొదలుపెట్టారు. బాల్కనీ కమ్మీల మధ్య ఎంత సందుందని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘కొలిచి చెబుతానమ్మా’ అన్నారు. పావుగంటలో చెప్పారు కూడా: తొమ్మిది సెంటీమీటర్లు. వెంటనే గది ఖాయం చేసేశాను.